నేటాలు పీఠాధిపతి కొలెన్సో

దైవమును గూర్చి పిల్లలడుగు ప్రశ్నలకు మన యిండ్లలో పెద్దలు చెప్పు సమాధానములు సాధారణముగా రెండే. “అట్లడుగకూడదు, కండ్లు పోవును” అనునది యొకటి. “పెద్దవాడవైన తరువాత నీకే తెలియును” అనునది రెండవది. మొదటిది బెదరింపు, రెండవది వాయిదా. మూడవ సమాధానము కూడ నొకటి కలదు: “నీ వడిగినది న్యాయమైన ప్రశ్నయే, నాకును నిశ్చయముగా తెలియదు, విచారించి చెప్పెదను” అనునది. దీనిని చెప్పువారరుదు; చెప్పి మాట నిలుపుకొనువారు మఱియు నరుదు. పందొమ్మిదవ శతాబ్దమున దక్షిణాఫ్రికాలోని నేటాలు దేశమున నొక క్రైస్తవ పీఠాధిపతి యీ మూడవ సమాధానమును తన శిష్యునకు చెప్పెను. ఆ మాట నిలుపుకొనుటకై పదవిని, స్నేహితులను, మంచిపేరును పణముగా నొడ్డెను. ఆయన వృత్తాంతమును మా చదువరులకు తెలుపదలచితిమి. పరమతము వారి తప్పులెన్నుటకు మాత్రము కాదు. ఆ వేడుక కోరువారికి గ్రంథములు వేఱుగా కలవు.

జాన్ విలియం కొలెన్సో 1814వ సంవత్సరము జనవరి 24వ తేదీని ఇంగ్లాండునకు నైరృతి మూలనున్న కార్న్‌వాల్ మండలములోని సెంట్ ఆస్టెల్ పట్టణమున జన్మించెను. తండ్రి తగరపు గనిలో పెట్టిన సొమ్ము నష్టమయ్యెను గనుక చిన్ననాటినుండియు లేమి యెఱిగినవాడు. కష్టపడి కేంబ్రిడ్జిలో సెంట్ జాన్స్ కళాశాల జేరి, 1836లో గణితశాస్త్ర పరీక్షయందు విశ్వవిద్యాలయమంతటికిని రెండవవాడుగా తేఱెను. పిమ్మట హారో పాఠశాలలో లెక్కల యుపాధ్యాయుడయ్యెను. అచ్చట ఆయన యిల్లు తగులబడి అప్పులు మీద పడినవి. 1841లో బీజగణితమును, 1843లో అంకగణితమును పాఠశాలల కుపయోగించునట్లు వ్రాసి ప్రకటించెను. ఆ పుస్తకములు విశేషముగా చెల్లి, ఆయన ఋణములను తీర్చినవి. లెక్కల పుస్తకము వ్రాసి బాగుపడిన పంతులు లోకమున పలువురుందురు. ఆ లెక్కలచేతనే తరువాత చిక్కులలో బడిన పంతులు బహుశః ఈయన యొక్కడే.

1846లో నార్ఫోకు మండలమున ఫార్న్‌సెట్ అను పల్లెకు గురువై వెళ్లి, ఆ యేడే సారా ఫ్రాన్సిస్ బన్యన్ అను నామెను వివాహమాడెను. ఆమె విద్యావతి. ఆ కాలమున ప్రసిద్ధుడైన ఎఫ్. డి. మారిస్ పండితుని భావములను భర్తకు పరిచయము చేసినది ఆమెయే. ఈ మారిస్ పండితుడు, పాపులను దేవుడు అనంతకాలము నరకాగ్నిలో కాల్చునను సిద్ధాంతమును సందేహించినందులకు 1853లో లండనునందలి కింగ్సు కళాశాలలో ఆచార్యత్వమును పోగొట్టుకొనినవాడు. ఆ సంవత్సరమే కొలెన్సో క్రొత్తగా నేర్పడిన నేటాలు మండలమునకు బిషప్పుగా నియమింపబడెను.

1854లో ఆయన మొదట పది వారములు నేటాలు దేశమంతయు తిరిగి చూచెను. మతగురువులు క్రొత్త దేశమునకు పోయినప్పుడు చూచునవి సాధారణముగా దేవాలయము కట్టుటకు తగిన స్థలము, అక్కడి వారి దురాచారములు. కొలెన్సో కనబడిన జూలూల నెల్ల నొక ప్రశ్న యడుగుచు పోయెను: “మిమ్మును సృష్టించినవానిని మీరేమని పిలుతురు?” వారు రెండు పేర్లు చెప్పిరి. ‘ఉంకులుంకులు’ అనునది యొకటి. మిక్కిలి పెద్దవాడు, పురాతనుడు అని భావము. ‘ఉమ్వెలిన్కంగి’ అనునది రెండవది. అన్నిటికంటె ముందు వెలువడినవాడని యర్థము. అంతకు ముందు వచ్చిన మిషనరీలు జూలూలకు దేవుడే తెలియడనుకొని, వేఱొక జాతివారి భాషనుండి ‘ఉతిక్సో’ అను మాటను తెచ్చి వాడుచుండిరి. కొలెన్సో ఆ మాటను విడిచి జూలూల మాటనే గ్రహించెను. ఇది యొక చిన్న సంగతివలె కనబడును గాని, చిన్నది కాదు. మన తెలుగు బైబిలు మొదట వ్రాసినవారు హీబ్రూ మాటనో గ్రీకు మాటనో తెచ్చిపెట్టక, పొలము దున్నువాని నోటనున్న ‘దేవుడు’ అను మాటనే తీసికొనిరి. అట్లు తీసికొనుటలోనే, దేవుడు మీకు క్రొత్తవాడు కాడు, మేము రాకముందే మీ యొద్దనుండెను అని యొప్పుకొనుట యున్నది. కొలెన్సో ఆ యొప్పుకోలును తెలిసి చేసెను. హెన్రీ కాలవే అను మఱియొక గురువు తరువాత చాల పరిశోధన చేసి, ఉంకులుంకులు అనగా జూలూల మూలపురుషుడే గాని దేవుడు కాడని వాదించెను. పదార్థవిషయమున కాలవే వాదమునకు బలము లేకపోలేదు. కాని మూలపురుషుని తలచుకొనుచు చేతులెత్తినవాని మనస్సు ఎక్కడికి పోవుచున్నదో నిఘంటువు చెప్పజాలదు.

రెండవ కలహము బహుభార్యాత్వమును గూర్చినది. జూలూ గృహస్థులు కొందఱికి ఇద్దఱు ముగ్గురు భార్యలుండిరి. అట్టివాడు బాప్తిస్మము కోరివచ్చినప్పుడు, ఒక్క భార్యను తప్ప తక్కినవారిని విడిచివేయవలెనని మిషనరీలు నిర్బంధించుచుండిరి. విడువబడిన ఆ స్త్రీలు ఎక్కడికి పోవలెను? వారి బిడ్డలకు తండ్రి యెవరు? ఈ ప్రశ్నల నడిగినవారు లేరు. 1855లో కొలెన్సో ఒక చిన్న పుస్తకము వ్రాసి, ఇట్టివానిని భార్యలతోడనే సంఘమున చేర్చుకొనవలెననియు, క్రొత్తగా పెండ్లాడకుండ మాత్రము కట్టడి చేయవలెననియు చెప్పెను. బహుభార్యాత్వమును మేమెన్నడును సమర్థింపలేదు, సమర్థింపము, ఆయనయు సమర్థింపలేదు. నమ్మి వచ్చిన స్త్రీకిచ్చిన మాట తప్పుట క్రైస్తవుడగుటకు తొలిమెట్టని చెప్పు మతము, దేవుని నెట్టివానిగా చూపుచున్నదని మాత్రము ఆయన ఆక్షేపణ.

పీటర్‌మారిట్స్‌బర్గు పట్టణమునకు కొన్ని మైళ్ల దూరమున బిషప్‌స్టోవ్ అను చోట ఆయన తన నివాసమును, పాఠశాలను నెలకొల్పెను. పాఠశాలకు ‘ఎకుఖన్యేని’ అని పేరు. వెలుగున్న తావని యర్థము. అచ్చట జూలూ బాలురకు చదువుతో పాటు అచ్చుపనియు నేర్పెను. తాను జూలూ వ్యాకరణమును, 1861లో జూలూ–ఇంగ్లీషు నిఘంటువును వెలువరించెను. 1859లో జూలూ రాజగు మ్పాండేను చూడబోయినప్పుడు వెంట వచ్చిన శిష్యులు ముగ్గురిచే ప్రయాణ వృత్తాంతము వ్రాయించి, వారి భాషలోనే అచ్చువేయించెను. తెల్లవారు నల్లవారిని గూర్చి వ్రాయుచున్న కాలమున, నల్లవారిచే వ్రాయించిన తెల్లవాడీయన. ఇంచుమించుగా ఈ దినములలోనే, 1860 నవంబరు 16వ తేదీని, ‘ట్రూరో’ అను నోడ చెన్నపట్టణమునుండి ఒప్పందపు కూలీలను తీసికొని నేటాలులోని డర్బను రేవు చేరెను. చెఱకు తోటలలో పని చేయుటకై అట్లు పోయినవారిలో మన తెలుగువారును పెక్కండ్రు. బిషప్పుగారి కథలో వారు పాత్రధారులు కారు గాని, ఆ కాలపు నేటాలు మనకు బొత్తిగా పరాయి దేశము కాదని గుర్తు చేయుటకు చెప్పితిమి.

కొలెన్సోకు బైబిలు అనువాదమున తోడ్పడినవాడు విలియం న్గిడి అను జూలూ. గురువు ఒక్కొక్క వాక్యమును జూలూలో చెప్పగా, శిష్యుడు దానిని మరల తన పలుకుబడిలో చెప్పి సరిచేయుచుండెడివాడు. ఆదికాండమున నోవహు కథ వచ్చెను. జలప్రళయము, ఓడ, జంటలు జంటలుగా వచ్చిన జంతువులు. న్గిడి నిలిపి, ఇదియంతయు నిజమేనా యని యడిగెను. వేడిదేశముల జంతువులును, చలిదేశముల జంతువులును, పెద్దవియు చిన్నవియు, అన్నియు నట్లే నడచి వచ్చెనా? వానికన్నిటికిని నోవహు మేత కూర్చెనా? మాంసము తిను మృగములకు సైతము కూర్చెనా?

అడుగుచున్నవాడు పశువులనడుమ పెరిగినవాడు. ఒక యావునకు ఎంత మేత కావలయునో ఆతడెఱుగును. కొలెన్సో భూగర్భశాస్త్రము చదివినవాడు. ఫ్రాన్సుదేశమున ఓవర్న్ ప్రాంతపు అగ్నిపర్వతపు గుట్టలు, వదులైన బూడిదతోను రాళ్లపొడితోను ఏర్పడినవి, నోవహు కాలమునకు ఎంతయో ముందటివనియు, లోకమంతయు నీట మునిగియున్నచో అవి కొట్టుకొనిపోయియుండవలెననియు ఆయనకు తెలియును. “నిజమే” యని యొక్కమాట చెప్పినయెడల పాఠము సాగిపోయెడిది. దేవుని పేరిట అబద్ధము చెప్పవచ్చునా యని ఆ క్షణమున తన హృదయము తన్ను నిలదీసినదని ఆయనయే తరువాత వ్రాసికొనెను. చెప్పలేకపోయెను. కాని ఆ దినమున శిష్యునికి సంపూర్ణమైన యుత్తరమును కూడ నీయలేదు. కథలోని ప్రతివివరమును తాను చరిత్రగా ప్రమాణము చేయనని మాత్రము తెలియజేసి, విచారణకు పూనుకొనెను.

ఇంకొక ఘట్టము దీనికంటె ముఖ్యమైనది. నిర్గమకాండము ఇరువదియొకటవ అధ్యాయమున ఒక ధర్మము కలదు. యజమానుడు దాసునైనను దాసినైనను కఱ్ఱతో గొట్టగా, ఆ దెబ్బలకు వెంటనే చావక ఒకటి రెండు దినములు బ్రతికినయెడల యజమానునకు దండన లేదు; కారణమేమనగా దాసుడు వాని సొమ్ము. ఈ వాక్యమును జూలూలోనికి తెచ్చునప్పుడు అనువాదమునకు సాయపడుచున్న ఆ క్రైస్తవుడైన జూలూ ఉలికిపడెను. సర్వజనులకును తండ్రియని మీరు చెప్పుచున్న దయామయుడగు దేవుడు ఒక దాసుని గూర్చి వాని ప్రాణము యజమానుని ధనమేగదా యని పలుకునా యని ఆతని యంతరాత్మ తిరుగబడెను.

ఈ ధర్మమును ఇంగ్లాండు దేవాలయములలో ఎన్ని వందల యేండ్లు చదివిరో లెక్కలేదు. ఎవరికిని గుండె కలుక్కుమనలేదు. చదివినవారును విన్నవారును యజమానులే గనుక. దానిని కొట్టబడువాని యెదుట, వాని భాషలో చదువవలసి వచ్చినప్పుడు గాని దాని యర్థము బయటపడలేదు. మన స్మృతులలోను, ఒకే నేరమునకు వర్ణమునుబట్టి వేఱు వేఱు దండనములు విధించిన శ్లోకములున్నవి. వానిని మనము పండితసభలలో వల్లించితిమి. ఎవనిని గూర్చి అవి వ్రాయబడినవో ఆతనిని ఎదుట కూర్చుండబెట్టుకొని, ఆతనికి తెలియు తెలుగున చదివి, ఆతని ముఖము వంక చూచిన శాస్త్రులవా రెందఱు?

కొలెన్సో తన విచారణఫలమును ‘పంచకాండములు, యెహోషువ గ్రంథము: విమర్శ’ యను పేరున 1862 మొదలు 1879 వఱకు ఏడు భాగములుగా ప్రకటించెను. మొదటి భాగమున లెక్కల పంతులు ప్రత్యక్షమగును. ఐగుప్తునుండి బయలుదేఱిన ఇశ్రాయేలీయులలో ఇరువదియేండ్లు దాటిన పురుషులు 6,03,550 మందియని సంఖ్యాకాండము చెప్పుచున్నది. సమాజమంతయు ప్రత్యక్ష గుడారపు ద్వారమున కూడెనని లేవీయకాండము చెప్పుచున్నది. గుడారపు వెడల్పు 18 అడుగులు. దాని యెదుట వరుసకు తొమ్మండుగురు చొప్పున నిలిచినయెడల ఆ వరుసలు 1,00,000 అడుగులకు పైగా, అనగా రమారమి 20 మైళ్లు పోవును. ఆవరణమంతయు క్రిక్కిరియ నింపినను 5,000 మందికంటె పట్టరు. తొలిచూలు కుమారులు 22,273 మందియట. పిల్లలతో గూడ మగవారు తొమ్మిదిలక్షలుందురు గనుక, ఒక్కొక్క తల్లికి నలువదిమందికి తక్కువకాకుండ కొడుకులుండవలెను. ప్రసవించిన ప్రతిస్త్రీయు శుద్ధికై పక్షులను బలి తేవలెను. పాపపరిహారార్థముగా తెచ్చినదానిని యాజకుడు పరిశుద్ధస్థలమున భుజింపవలెను. యాజకులు ముగ్గురే: అహరోను, ఎలియాజరు, ఈతామారు. జనసంఖ్యనుబట్టి దినమునకు కలుగు ప్రసవములను లెక్కించినయెడల ఒక్కొక్క యాజకుని వంతునకు రోజుకు 88 పావురములు వచ్చును. ఆ యెడారిలో అన్ని పావురములెక్కడివో వేఱు ప్రశ్న.

ఇచ్చట మా చదువరులు కొందఱు చిఱునవ్వు నవ్వుచుందురు. నవ్వవచ్చును. కాని నలువదిమంది కొడుకులను గూర్చి నవ్వునప్పుడు సగరచక్రవర్తి యఱువదివేలమంది పుత్రులు మనకు జ్ఞప్తికి రావలెను గదా! పొరుగువాని పురాణమునకు కొలబద్దయు, మన పురాణమునకు హారతియు పట్టుట విచారణ కాదు. మన సభలలో కొలెన్సో వంటివారి గ్రంథములను మిషనరీల మీద విసరుటకు రాళ్లవలె వాడుకొనిన పండితులు కలరు. ఆ రాతిని తమ యింటి గోడకు తాకించి చూచినవారు తక్కువ.

గ్రంథము వెలువడగానే ఇంగ్లాండున గొప్ప కలవరము పుట్టెను. బిషప్పులలో దాదాపందఱును ఆయనను పదవి వదలుకొమ్మని వ్రాసిరి. సెంట్ డేవిడ్సు బిషప్పైన థర్ల్‌వాల్ పండితుడు మాత్రము ఆ లేఖలో చేవ్రాలు చేయలేదు. గురుతుల్యుడైన మారిస్ సైతము విముఖుడయ్యెను. నరకమును సందేహించి పదవి పోగొట్టుకొనినవాడు, మోషే సంఖ్యలను సందేహించినవానిని సహింపలేకపోయెను! ప్రతి సంస్కర్తయు ఎక్కడనో యొకచోట గీత గీచి, ‘ఇంతవఱకే’ యనును. ఆ గీత దాటినవానిపై ఆతని కోపము ఛాందసుని కోపముకంటె తీవ్రముగా నుండును. మాథ్యూ ఆర్నాల్డు అను కవిపండితుడు 1863లో వేఱొక విధముగ ఆక్షేపించెను: ఈ పుస్తకము పామరులకు భక్తి నీయదు, పండితులకు క్రొత్త జ్ఞానము నీయదు, మఱి దేనికని. ఈ యాక్షేపణలో కొంత సత్యము లేకపోలేదు. పావురములను లెక్కించినంతమాత్రమున దైవస్వరూపము తెలియదు. కాని పండితులకు తెలిసియుండి పామరులకు చెప్పకూడని సత్యమొకటి కలదను భావము మాకు సమ్మతము కాదు. మన దేశమున ఆ భావము చేసిన చేటు చాలును. అదియుగాక పండితులకు క్రొత్త జ్ఞానము లేదనుటయు సరి కాదు. హాలండుదేశమున లైడెన్ నగరపు మహాపండితుడు క్యూనెన్, యాజకధర్మములను గూర్చిన తన సిద్ధాంతమును మార్చుకొనుటకు కొలెన్సో లెక్కలు కారణమైనవని యొప్పుకొనెను. పీఠాధిపతి జూలూవానిని మార్చబోయి తానే జూలూవానిచే మార్చబడెనని హాస్యప్రియులు హేళన చేసిరి. ఆ హేళనకంటె మంచి ప్రశంస మాకు తోచుట లేదు.

పైయధికారియైన కేప్‌టౌను బిషప్పు రాబర్టు గ్రే 1863 చివర విచారణసభ కూర్చెను. ఆరోపణలు తొమ్మిది. అందు బైబిలు విమర్శమే కాక, 1861లో రోమీయులకు వ్రాసిన పత్రికపై కొలెన్సో రచించిన వ్యాఖ్యానమును కలదు. ఆ వ్యాఖ్యానమున ఆయన, క్రీస్తు మరణము కోపించిన దేవునికి చెల్లించిన వెల కాదనియు, దేవుడు మొదటినుండియు సర్వమానవులకు తండ్రియే యనియు, నిత్యనరకమను మాట ఆ తండ్రి స్వభావమునకు చెల్లదనియు వ్రాసెను. లెక్కలను గూర్చియే లోకము గోల చేసినను, మా యభిప్రాయమున అసలు తగవు ఇక్కడ నున్నది. తన పూర్వులందఱును క్రీస్తు పేరు వినలేదు గనుక ఎల్లకాలము నరకమున కాలుచుందురని ఒక జూలూతో చెప్పవలసివచ్చిన గురువు, ఆ మాట చెప్పి, వెంటనే దేవుడు ప్రేమస్వరూపియని ఎట్లు చెప్పును? సంఘము రెంటిని చెప్పుమన్నది. ఆయన రెంటిలో నొకదానిని వదలెను. వదలినది దేవుని ప్రేమను కాదు.

కొలెన్సో ఆ సభకు రాలేదు. దానికి తన్ను విచారించు నధికారము లేదని, భాషాశాస్త్రజ్ఞుడగు డాక్టరు బ్లీక్ ద్వారా నిరసన పత్రము పంపెను. గ్రే ఆయనను పదవీభ్రష్టునిగా ప్రకటించెను. 1865 మార్చిలో లండనునందలి ప్రీవీ కౌన్సిలు ఆ తీర్పు చెల్లదని కొట్టివేసెను. ఇది సత్యమునకు కలిగిన జయమని కొందఱు వ్రాసిరి గాని కాదు. అప్పటికే సొంత శాసనసభ గల వలసరాజ్యమున రాణిగారి యధికారపత్రముచేత ఒక బిషప్పునకు మఱియొకనిపై న్యాయాధికారము కలుగదని మాత్రమే న్యాయాధిపతులు చెప్పిరి; నోవహు ఓడను గూర్చి వారేమియు చెప్పలేదు. కొలెన్సో తిరిగి నేటాలు చేరెను. 1866 జనవరిలో ఆయనను సంఘమునుండి వెలివేసినట్లు దేవాలయమున చదివిరి. వెలి యనగా నేమో మన విధవావివాహ సంస్కర్తల కుటుంబముల వారిని అడిగినయెడల చెప్పగలరు. నిన్నటివఱకు చేతులు కలిపినవారు వీథిలో ముఖము త్రిప్పుకొని పోవుట. 1869లో మాక్రోరీ అను వేఱొక బిషప్పును తెచ్చి అదే పట్టణమున నిలిపిరి. ఒక ఊర రెండు పీఠములు, రెండు సంఘములు. అయినను తెల్లదొరలలో సామాన్యజనులు పెక్కండ్రు కొలెన్సో పక్షముననే యుండిరి. ఆయన బోధ నచ్చియో, గ్రే పెత్తనము నచ్చకయో.

ఆ పక్షమును సైతము ఆయన చేజేతుల పోగొట్టుకొనెను. 1873లో హ్లూబీ జాతి నాయకుడగు లంగలిబలేలే పై ప్రభుత్వమునకు ఆగ్రహము కలిగెను. ఆతని యువకులు వజ్రపు గనులలో పనిచేసి కూలికి బదులు తెచ్చుకొనిన తుపాకులను నమోదు చేయింపలేదట. పిలిపింపగా భయపడి పర్వతములు దాటి పాఱిపోయెను. వెంబడించిన దండుతో కనుమయందు జరిగిన చిల్లర పోరాటమున కొందఱు చచ్చిరి. అంతట ప్రభుత్వము వారి యూళ్లను తగులబెట్టి, పశువులను తోలుకొనిపోయి, జాతినంతటిని చెల్లాచెదరు చేసెను. నాయకునికి తగిన వకీలునైన నీయక విచారణ జరిపి రాబిన్ ద్వీపమునకు పంపిరి. ఈ పనికి సూత్రధారి థియోఫిలస్ షెప్‌స్టోను, నేటాలులో స్థానికజనుల వ్యవహారములు చూచు నుద్యోగి, కొలెన్సోకు ఇరువదియేండ్ల ప్రాణమిత్రుడు. సంఘమంతయు ఎదురైనప్పుడు చేయి విడువని స్నేహితుడు.

కొలెన్సో ఆ విచారణ పత్రములను, మోషే గ్రంథములను పరిశీలించినట్లే పరిశీలించెను. సాక్షులు చెప్పినదేమి? ఏ సాక్ష్యము ఏ సాక్ష్యముతో పొసగదు? ఎవరిని అడుగలేదు? ఆ యభ్యాసము ఆయనకు నోవహు ఓడ దగ్గఱ అలవడినదే. స్నేహము తెగిపోయెను. 1874లో ఇంగ్లాండునకు పోయి మంత్రి కార్నర్వన్ ప్రభువుతో చెప్పుకొనెను. గవర్నరు పైన్‌ను వెనుకకు పిలిపించిరి. లంగలిబలేలేను ద్వీపమునుండి కేప్ ప్రాంతపు నేలమీదికి మార్చిరి. పూర్తి న్యాయము జరుగలేదు. మోషేను విమర్శించినప్పుడు చప్పట్లు చఱచిన దొరలు తమ ప్రభుత్వమును విమర్శింపగానే దేవాలయమునకు వచ్చుట మానిరి.

ఇచ్చట ఆయన లోపమును కూడ చెప్పవలెను. ఇరువదియేండ్లు షెప్‌స్టోను పరిపాలనను ఆయన మెచ్చుకొనుచునే యుండెను. ఆంగ్లేయుల న్యాయబుద్ధియందు ఆయనకుండిన నమ్మకము బైబిలునందు ఇతరులకుండిన నమ్మకమువంటిదే. దానిని విమర్శించుటకు ఆయనకు షష్టిపూర్తి దగ్గఱపడవలసివచ్చెను. సంపూర్ణముగా విడిచెనని చెప్పలేము. కడవఱకు లండనులో ఎవరో న్యాయము చేయుదురనియే వ్రాయుచుండెను.

1879 జనవరి 22న ఇసండ్ల్వానా యను చోట జూలూలు ఇంగ్లీషు సేనను నిర్మూలించిరి. ఆ యుద్ధము ఇంగ్లీషువారు తామై తెచ్చుకొనినది. నేటాలంతటను శోకము, పగ. మార్చి 12న ప్రార్థనాదినము ప్రకటించిరి. దేవాలయమున కొలెన్సో, న్యాయము జరిగింపుము, కనికరమును ప్రేమింపుము అను భావముగల మీకా ప్రవక్త వాక్యమును మూలముగా తీసికొని ప్రసంగించెను. చచ్చిన ఇంగ్లీషు బిడ్డలకై ఏడ్చెను. దేశమును కాపాడుకొనుచు చచ్చిన జూలూలకై కూడ ఏడ్వవలెనని చెప్పెను. మనము న్యాయముగా ప్రవర్తించితిమా యని యడిగెను. కొడుకులను పోగొట్టుకొనిన తలిదండ్రులు ఎదుట కూర్చుండియుండిరి. ఆ దినమున ఆ మాట చెప్పుటకంటె పంచకాండములను వంద భాగములుగా విమర్శించుట సులభము.

యుద్ధానంతరము చెఱలోనున్న జూలూరాజు కెట్చ్వాయోను 1880లో పోయి చూచెను; ఆతని పక్షమున పత్రములు సేకరించి అచ్చువేయుచునే తుదిదినములు గడపెను. 1883 జూను 20వ తేదీని మరణించెను. వెలివేయబడిన దేవాలయముననే, వేదిక యెదుట, ఆయనను సమాధి చేసిరి. జూలూలు ఆయనకు పెట్టిన పేరు ‘సొబాంటు’. జనుల తండ్రియని భావము. దేవునికి ఏ పేరు సరిపోవునని ఆయన వారినడిగెనో, ఆ పేరునకు దగ్గఱి మాటనే వారాయనకిచ్చిరి.

మరుసటి సంవత్సరము బిషప్‌స్టోవ్ గృహము అగ్నికాహుతియయ్యెను. చాల పుస్తకములు, పత్రములు కాలిపోయినవి. కుమార్తె హారియెట్ కాలక మిగిలినవానిని సమకూర్చుకొని, కెట్చ్వాయో కుమారుడు డినుజూలును సెంట్ హెలీనా దీవికి పంపినప్పుడు ఆతని కొఱకు తండ్రివలెనే అధికారులతో పోరాడెను. ఎకుఖన్యేనిలో బాలుడై అచ్చుకూర్పు నేర్చి, గురువు వ్రాసిన జూలూ పుస్తకములకు అక్షరములు పేర్చిన మగేమా ఫూజే వృద్ధుడై తన జాతి చరిత్రను తన భాషలో వ్రాసెను. అది 1922లో అచ్చయినది. జూలూ యొకడు జూలూలో వ్రాయగా వెలువడిన మొదటి గ్రంథమదియే.